సమాధుల పండక్కి ఇంట్లో చేసుకునే అలంకరణ: మంచుకీ గాలికీ మేకలకీ ఆగేలా

వందనాలండి. మీరు రాసింది చదివాను. అమ్మగారు పోయి ఏడాది నిండలేదు, సమాధి ఇంకా మట్టిదే, ఈ నవంబరు 2కి, అంటే చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించే మన సమాధుల పండక్కి, విజయనగరం బజార్లో దొరికే ప్లాస్టిక్ పూల చక్రాలు పెట్టడానికి మీకు మనసొప్పడం లేదు. ఇంట్లో ఏం చేసుకోవచ్చు, అవి ఎన్నాళ్ళు నిలుస్తాయి అని అడిగారు. మాది ఆమదాలవలస దగ్గర. మా ఇంట్లో ఈ పనంతా మా అత్త చూసేది, ఇప్పుడు నేనూ మా తోడికోడలూ చూస్తున్నాం. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఆఖరి ప్రశ్నతో మొదలుపెడతాను. అవి ఎన్నాళ్ళో నిలవక్కర్లేదండి. ముందురోజు సాయంత్రం పెట్టింది పండగనాడు కొవ్వొత్తులు కొండెక్కేదాకా బాగుంటే చాలు, ఆ తర్వాత మట్టిలో కలిసిపోవాలి. కింద చెప్పేవన్నీ ఈ లెక్కనే. బజారు చక్రం సరిగ్గా దీనికి ఎదురు. ధర్మాకోలు మీద ఇనపతీగతో గుడ్డపూలు కట్టి ఉంటాయి. బరువుండదు కాబట్టి పండగ సాయంత్రమే గాలికి లేచి పక్కవాళ్ళ సమాధి మీద పడుతుంది. మర్నాటి నుంచి మాత్రం రంగు వెలిసిపోయి ఏడాదంతా అక్కడే పడి ఉంటుంది. తుప్పలు కొట్టే రోజున కుప్పేసి కాలిస్తే ఒకటే కంపు. కాలని తీగ ముక్కలు తర్వాత వచ్చినవాళ్ళ కాళ్ళకి గుచ్చుకుంటాయి. "ఏటే ఇది, మట్టికీ పనికిరాదు, మంటకీ పనికిరాదు" అనేది మా అత్త.

మన వైపు నవంబరు మొదట్లో అలంకరణని పాడుచేసేవి మంచు, సాయంత్రం గాలి, మేకలు. వాన సంగతి మీకు చెప్పక్కర్లేదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, ఈ తుపాన్లు రెండూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. తిత్లీ ఏడు శ్రీకాకుళం తీరాన ఉద్దానంలో మా చుట్టాలకి పూలే దొరకలేదు. కూలిన కొబ్బరిచెట్ల ఆకులతోనే సిలువలు అల్లి పెట్టారు. ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం కోసం చిన్నప్పుడు నేర్చుకున్న అల్లికే అది. అంచేత పూర్తిగా పూల మీద ఆధారపడకండి.

మట్టి సమాధి అని మీరు చిన్నబుచ్చుకున్నట్టు అనిపించింది. దానికంటే అలంకరణకి వీలైనది ఇంకోటి లేదు. ఏడాది తిరగకుండా సిమెంటు కట్టించకండి కూడా. వానాకాలం దాటేదాకా లోపలి మట్టి కుంగుతూనే ఉంటుంది, పైన కట్టింది బీటలిస్తుంది. ఇప్పుడు చెయ్యాల్సింది, పండక్కి వారం ముందు వెళ్ళి గడ్డి వేళ్ళతో సహా పీకి, కుంగిన చోట మట్టి పోసి, నీళ్ళు చల్లి దిమ్మిసతో కొట్టడం. దిమ్మిస లేకపోతే బరువైన చెక్క ముక్కయినా సరే. రెండు రోజులు ఆరనిచ్చి ఎర్రమట్టి చిక్కగా కలిపి అలకండి. మొదటి పూత బీటలు వారుతుంది, కంగారు పడకండి, రెండో పూత పలచగా వేస్తే పూడిపోతాయి. దాని మీద చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పున సున్నం పట్టీ గీస్తే అప్పుడే సగం పండగ వచ్చేస్తుంది. మధ్యలో సిలువ ఆకారం గుండ్రాళ్ళతో పేర్చండి. గుప్పెట్లో పట్టే రాళ్ళు చాలు, ముందే సున్నంలో ముంచి ఎండబెట్టుకోవాలి. ఎర్రమట్టి మీద తెల్లరాయి దూరానికి కూడా కనిపిస్తుంది. మేకలు తినలేని అలంకారం కూడా అదొక్కటే.

సున్నం గురించి రెండు మాటలు. గడ్డ సున్నం తెస్తే ముందు రాత్రే నీళ్ళలో వెయ్యాలి. బాగా వేడెక్కి ఉడుకుతుంది కాబట్టి పలచటి ప్లాస్టిక్ బకెట్లో వద్దు, పాత ఇనప బకెట్లో వెయ్యండి. మొహం దూరంగా పెట్టుకోండి, కంట్లో పడితే ప్రమాదం. పొద్దున్న గుడ్డలో వడకట్టి, నానబెట్టిన తుమ్మజిగురు కాస్త కలిపితే చేతికి అంటుకోదు. చిటికెడు నీలిమందు వేస్తే తెలుపు తేటగా వస్తుంది. పక్కనే మీ తాతగారిదో మామ్మదో పాలరాయి పలక ఉంటే దానికి సున్నం పుయ్యకండి. నిమ్మకాయతో, చింతపండుతో తోమకండి కూడా. ఇత్తడి బిందెకి చేసినట్టు చేస్తే పులుపు పాలరాయి నునుపుని తినేస్తుంది. మంచినీళ్ళూ మెత్తటి గుడ్డా చాలు.

ఇక చక్రం. దీనికి మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దొరికేంత మంచి సరుకు బయట ఎక్కడుందో నాకైతే తెలీదు. లోపలి గుండ్రానికి వెదురు బద్దో, కొబ్బరి ఈనెల కట్టో వంచి కట్టండి. అడుగున్నర వెడల్పు దాటక్కర్లేదు. దాని చుట్టూ పాత వరిగడ్డి చుట్టి గోగునారతో బిగించాలి. కొత్త గడ్డికి ఇంకా కోతలు కాలేదు కాబట్టి ఎవరి కుప్పలోంచైనా పాతది అడగండి. గోగునార మీకు కష్టం కాదు, బొబ్బిలి, నెల్లిమర్ల, విజయనగరం వైపు జనపనార మిల్లులు పుట్టిందే ఈ పంట చుట్టూ. రైతు దగ్గర నేరుగా తెచ్చుకుంటే పొడుగు పాయలు వస్తాయి, కొట్లో పురికొస కన్నా చవక. నారని తడిపి కట్టండి, జారదు. నారతోనే పూలు కూడా వస్తాయి: పాయని దువ్వెనతో దువ్వి, చిన్న ఉచ్చులుగా మడిచి మధ్యలో కట్టి చివర్లు కత్తిరిస్తే చామంతి ఆకారం. బంగారు రంగు నార మంచు పడ్డా వాడదు. మా తోడికోడలు ఇవే చేస్తుంది, నాకంత ఓపిక లేదు.

నాకు వచ్చింది తాటాకు గులాబీ. దీనికి ముదురాకు పనికిరాదు, నడిమొవ్వలో లేత ఆకు కావాలి, మీగడ రంగులో మెత్తగా ఉంటుంది. కల్లుగీత వాళ్ళని ముందే అడిగి పెట్టుకుంటే చెట్టు బాగుచేసేటప్పుడు ఒకటి తెచ్చిస్తారు. ఒక్క మొవ్వాకు ఇంటిల్లిపాదికీ పని పెడుతుంది. ఈనె తీసేసి, అంగుళం వెడల్పు, మూరెడు పొడుగు పట్టీలుగా చీల్చి నీడన ఆరబెట్టండి. చేసే ముందు కాసేపు నీళ్ళలో నానెయ్యాలి. పట్టీ ఒక కొసని బిగుతుగా నాలుగైదు చుట్లు చుడితే మొగ్గ. అక్కణ్ణించి పట్టీని బయటివైపు ఏటవాలుగా మడుస్తూ మొగ్గ చుట్టూ తిప్పాలి. ఒక్కో మడత ఒక్కో రేక. అడుగున వేలితో నొక్కి పట్టుకుని ఎక్కడా వదలకూడదు, పూర్తయ్యాక నారతో ముడెయ్యాలి. చెప్తే అర్థం కాదు, చేతిలోకి వస్తే మరిచిపోలేరు. రంగు వెయ్యాలనిపిస్తుంది, వెయ్యకండి. పసుపు నీళ్ళలో ఉడికించిన ఆకు చూడ్డానికి బాగుంటుంది గానీ ఎండ తగిలితే వెలిసిపోతుంది. ఉన్న రంగే బాగుంటుంది.

పూలు అసలు వద్దని కాదు. నవంబరు 2 చాలా ఏళ్ళు కార్తీకమాసంలో పడుతుంది, బంతీ చామంతీ రేటు అడిగితే నోరు తెరవాల్సిందే. పైగా బంతిదండ రాత్రి పెడితే తెల్లారేసరికి మేకల కడుపులో ఉంటుంది. కాబట్టి బంతి పండగనాడు పొద్దున్న తీసుకెళ్ళి, ప్రార్థన ముందు రేకలు చల్లండి. ముందురోజు పెట్టడానికి కాగితంపూల చెట్టు (బోగన్‌విల్లా) పూలు మేలు, ఏ గోడ మీద చూసినా ఉంటాయి, డబ్బు పెట్టక్కర్లేదు, ఎండినా రంగు పోదు. బొగడబంతి కూడా అంతే, సెప్టెంబరు నుంచీ కోసి తలకిందులుగా వేలాడదీసి ఉంచుకోవచ్చు. నది ఒడ్డున రెల్లుపూలు తెల్లగా అందంగా ఉంటాయి. కానీ పూర్తిగా విప్పారకముందే కొయ్యాలి, లేకపోతే బస్సులో అందరి బట్టల మీదా దూది.

కాగితంతో పూలు చెయ్యగల పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్ళనీ కూర్చోబెట్టండి. ముడతల కాగితం రంగు మంచుకి కరిగి కొత్త సున్నం మీద ఎర్రగా కారుతుంది. ఆ మరక మళ్ళీ వెల్ల వేస్తేగానీ పోదు. దానికి మందు మైనం. పాత కొవ్వొత్తి ముక్కలు చిన్న గిన్నెలో వేసి, ఆ గిన్నెని మరిగే నీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించండి. మైనం గిన్నెని నేరుగా పొయ్యి మీద పెట్టొద్దు, అంటుకుంటుంది. ఈ పని పెద్దవాళ్ళే చెయ్యాలి. పువ్వుని కాడ పట్టుకుని ఒక్కసారి ముంచి దులిపితే చాలు, నీళ్ళు ముత్యాల్లా జారిపోతాయి.

కొవ్వొత్తులకి అరటిబోదెని మించింది లేదు. గెల కోసేసిన చెట్టుది అడిగి, జానెడు ముక్కలుగా కోసి, మధ్యలో కన్నం చేసి గుచ్చండి. నిండా నీళ్ళే కాబట్టి అంటుకోదు, బరువుకి పడిపోదు. పక్కవాళ్ళు కార్తీకదీపాలు వదలడానికి అరటిడొప్పలు తెచ్చుకునే చోటే మాకూ బోదె దొరుకుతుంది, ఇద్దరం కలిసి ఒక చెట్టు పంచుకుంటాం. కర బట్టలకి అంటితే జన్మలో పోదు, పాత బట్టలు వేసుకోండి. గాలి ఎక్కువైతే కొబ్బరిచిప్పలో సగం ఇసక పోసి, వత్తి అంచుకి లోపలే ఉండేలా పొట్టి కొవ్వొత్తి నిలబెట్టండి. దీపావళికి మిగిలిన ప్రమిదలున్నా సరే.

చెక్కసిలువ మీద పేరు మీరే రాసుకోవచ్చు. పాత ఎక్స్‌రే ఫిల్ము మీద అక్షరాలు బ్లేడుతో కోసి అచ్చుగా వాడతాం మేము. మన అక్షరాల్లో గుండ్రాలు ఎక్కువ, కోస్తే మధ్య ముక్క ఊడిపోతుంది. అందుకని సన్నటి వంతెన ఒకటి వదిలి కొయ్యాలి, తర్వాత కుంచెతో పూడ్చుకోవచ్చు. అలంకరణ ఎంత చేసినా ఆ పేరుని మాత్రం కప్పొద్దు. కతోలిక గుడి అయితే పూజ అయ్యాక ఫాదర్‌గారు సమాధుల మధ్య నడుస్తూ మంత్రించిన నీళ్ళు చల్లుతారు, కాళ్ళు పెట్టే దారి కూడా వదలండి. మన రెండు జిల్లాలూ 1993 నుంచి శ్రీకాకుళం మేత్రాసనం (అక్కడి బిషపుగారి పాలన) కిందివే. వేళ మాత్రం ఊరికొకలా పెడతారు, ముందే కనుక్కోండి. ఆ రోజు సెలవు దొరక్కపోయినా బెంగ వద్దు. నవంబరు 1 నుంచి 8 దాకా ఏ రోజు సమాధుల తోటకి వెళ్ళి చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించినా దానికి ప్రత్యేక ఫలం ఉందని శ్రీసభ (కతోలిక సంఘం) చెప్తుంది.

మీది బాప్తిస్టు సంఘమైతే సంగతి వేరు. బొబ్బిలి, పాలకొండ, టెక్కలి వైపు కెనడా బాప్తిస్టు మిషనరీల కాలం నాటి సంఘాల్లో కొందరు ఈ రోజు వస్తారు, కొందరు ఈస్టరు తెల్లవారుజామునే వెళ్తారు. "ఈ తేదీ బైబిల్లో లేదు కదా" అని మీ పెద్దలు అనొచ్చు. నిజమే, నవంబరు 2ని ఖాయం చేసింది వెయ్యేళ్ళ కిందట ఫ్రాన్సులో క్లూనీ మఠాధిపతి ఒదీలో. గొడవెందుకు, ఈస్టరుకే పెట్టుకోండి. అప్పుడు మంచు ఉండదు, ఎండ ఉంటుంది. పచ్చి ఆకు మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది కాబట్టి నారపూలూ తాటాకు గులాబీలూ మాత్రమే తీసుకెళ్ళండి.

మూడో తేదీన ఒకసారి వెళ్ళి రండి. బోదెలు గట్టుకి తీసి పడేస్తే ఆవులు తింటాయి. చక్రాన్ని తలవైపు వదిలేయండి, వానలకి చివికిపోతుంది. చిప్పలు వెనక్కి తెచ్చుకోండి. కొవ్వొత్తి ముక్కలు ఆ ఊరి పిల్లలు అప్పటికే ఏరేసి ఉంటారు, మిగిలినవి ఏరి డబ్బాలో దాచండి. వచ్చే ఏడు కాగితంతో చేసే పూలకి మైనం కొనక్కర్లేదు.