గ్రాఫీన్, గ్రాఫేన్, గ్రాఫైన్: కనుగొన్నారా, తయారుచేశారా?

సందేహం: పత్రికల్లో గ్రాఫీన్, గ్రాఫేన్, గ్రాఫైన్ అని మూడు రకాలుగా కనిపిస్తోంది. ఒకే మాటను తలో విధంగా రాస్తున్నారా? ఈ కార్బన్ రూపాంతరాలను ‘కనుగొన్నారు’ అనాలా, ‘తయారుచేశారు’ అనాలా?

సమాధానం: మూడూ వేర్వేరు పదార్థాలు. ఇక్కడ గుడిదీర్ఘం, ఏత్వం, ఐత్వం మారితే పదార్థమే మారిపోతుంది. పదో తరగతిలో చదువుకున్న ఆల్కేన్, ఆల్కీన్, ఆల్కైన్‌లను గుర్తుచేసుకోండి. కార్బన్ల మధ్య అన్నీ ఏకబంధాలే ఉంటే ‘ఏన్’, ద్విబంధం ఉంటే ‘ఈన్’, త్రిబంధం ఉంటే ‘ఐన్’. ఈ మూడు పేర్లూ ఆ వరుసలోనివే.

గ్రాఫీన్ అంటే గ్రాఫైట్‌లోని ఒకే ఒక్క పొర. దానికి హైడ్రోజన్ చేర్చితే గ్రాఫేన్. హైడ్రోజన్ కలిసింది కాబట్టి అది కార్బన్ సమ్మేళనమే తప్ప రూపాంతరం (అచ్చంగా కార్బనే తీసుకున్న మరో రూపం) కాదు. గ్రాఫీన్ కరెంటును చక్కగా పారనిస్తుంది, గ్రాఫేన్ బంధకం, అంటే కరెంటును పారనివ్వదు. ఒకదాని గురించి రాస్తూ రెండోదాని పేరు అచ్చువేస్తే పాఠకుడికి తలకిందుల సమాచారం ఇచ్చినట్లే. అందుకే ఈ ఏత్వం విషయంలో నాకు ఇంత పట్టుదల. ఇక గ్రాఫైన్‌లో, ముఖ్యంగా దాని గామా రకంలో, ఆరు కార్బన్ల బెంజీన్ వలయాల నడుమ త్రిబంధాల వంతెనలు ఉంటాయి. అది మళ్లీ అచ్చంగా కార్బనే.

క్రియల సంగతి ఇంకా ముఖ్యం. ‘కనుగొను’ అంటే ఉన్నదాన్ని చూడగలగడం. ‘కనిపెట్టు’కు రెండు అర్థాలున్నాయి: దొంగను కనిపెట్టామంటే పసిగట్టామని, టెలిఫోన్‌ను కనిపెట్టారంటే లేనిదాన్ని సృష్టించారని. రెండు వైపులా లాగే ఈ మాటను ఇలాంటి వార్తల్లో వాడకపోవడమే మంచిది.

గ్రాఫీన్ కొత్తగా పుట్టిందేమీ కాదు. మిల్లీమీటరు మందం గ్రాఫైట్‌లో అలాంటి పొరలు దాదాపు 30 లక్షలుంటాయి. 2004లో మాంచెస్టర్‌లో ఆండ్రీ గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్‌ల బృందం గ్రాఫైట్‌కు మామూలు టేపు అంటించి, లాగి, ఆ టేపును మళ్లీ మళ్లీ మడిచి విప్పుతూ పొరలను పలచబరిచింది. చివరికి ఒంటి పొర చేతికొచ్చింది. 2010లో ఆ ఇద్దరికీ భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. వాళ్లు చేసిన పనికి సరైన తెలుగు ‘వేరుచేశారు’. ‘ఒలిచారు’ అన్నా నాకు అభ్యంతరం లేదు, ఇంకా కళ్లకు కడుతుంది.

గ్రాఫైన్ కథ వేరు. అది ముందు కాగితం మీద పుట్టింది. ఇలాంటి పదార్థం ఉండవచ్చని 1987లో ‘ప్రతిపాదించారు’. వంతెనల్లో రెండేసి త్రిబంధాలుండే దాని దగ్గరి చుట్టం గ్రాఫ్‌డైయైన్‌ను 2010లో బీజింగ్‌లో యూలియాంగ్ లీ బృందం రాగి రేకు మీద ‘తయారుచేసింది’. గ్రాఫైన్‌లలో గామా రకాన్ని తయారుచేసినట్లు అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో ప్రకటించారు. అంటే ప్రతిపాదనకూ ఈ ప్రకటనకూ మధ్య 35 ఏళ్లు. ‘గ్రాఫైన్‌ను కనుగొన్నారు’ అని ఒక్క మాటలో తేల్చేస్తే ఆ శ్రమంతా ఎగిరిపోతుంది. గ్రాఫైన్‌లు చాలా రకాలు కాబట్టి ‘గామా’ అన్న మాటను కూడా వదలకూడదు.

‘రూపాంతరం’ దగ్గర కూడా కాస్త జాగ్రత్త అవసరం. ‘గ్రాఫైట్, వజ్రం కార్బన్ రూపాంతరాలు’ అంటే అవి రెండు రూపాలని. ‘గ్రాఫైట్ వజ్రంగా రూపాంతరం చెందింది’ అంటే ఒకటి మరొకటిగా మారిందని. పక్కన ‘చెందు’ చేరగానే అర్థం వస్తువు నుంచి మార్పు వైపు జరుగుతుంది.

గ్రాఫ్‌డైయైన్‌లో ‘యై’ ఎందుకంటారా? డై తరువాత ఐన్ వచ్చింది. రెండు అచ్చుల నడుమ యకారం రావడం మన నోటికి అలవాటే. ‘డైఐన్’ అని విడగొట్టి రాస్తే చదివేవాళ్లు అక్కడ ఆగిపోతారు.