హాగర్డ్ సంతకం: ఒట్టి పేరా, నాలుగు మాటలా?

ప్రశ్న: రైడర్ హాగర్డ్ నవల ‘కింగ్ సాలమన్స్ మైన్స్’ తొలి ముద్రణ ప్రతులు రెండు లండన్ వ్యాపారి ఒకరి దగ్గర అమ్మకానికి ఉన్నాయి. ఒకదానిలో రచయిత సంతకం మాత్రమే ఉంది. రెండవదానిలో ఎవరో మిత్రుడి పేరు, రెండు వాక్యాలు, తేదీ, ఆ కింద సంతకం ఉన్నాయి. పరాయివారి పేరున్న పుస్తకానికి విలువ తక్కువని మా అన్నయ్య అంటున్నారు. ఏది కొనమంటారు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: సంతకం సంగతికి ముందు, అవి నిజంగా తొలి ముద్రణ ప్రతులేనా అన్నది తేల్చుకోండి. ఈ నవలను లండన్‌లోని కాసెల్ సంస్థ 1885లో ప్రచురించింది. మొదట్లో మడతలు విప్పి చూసుకునే రంగుల పటం ఉండాలి. పాత ప్రతుల్లో అది చిరిగిపోవడమో, మరో ప్రతిలోంచి తెచ్చి అతికించడమో జరుగుతుంది కనుక, మడతలనూ అతుకునూ ఫొటో తీసి పంపమని అడగండి. అచ్చుతప్పులు కూడా గుర్తులే. 10వ పుటలో ‘బమాంగ్వాటో’ అన్న పేరులో ‘ఎన్’ పడవలసిన చోట ‘ఎమ్’ పడింది. 307వ పుటలో ‘వర్డ్’ అన్న మాటలో అక్షరాలు తారుమారయ్యాయి. ప్రూఫులు దిద్దినవారి కన్నుగప్పిన ఈ తప్పుల కోసమే ఇవాళ సేకర్తలు వెతుక్కుంటున్నారు!

మీ అన్నయ్యగారి మాట ఇప్పటి రచయితల విషయంలో కొంత నిజం. 19వ శతాబ్దపు రచయితల దగ్గరికి వచ్చేసరికి నేను మాత్రం రెండవ ప్రతివైపే మొగ్గుతాను. ఒక్క పేరును సాధన చేసి అనుకరించవచ్చు. రెండు వాక్యాలూ తేదీ ఉంటే, గ్రంథాలయాల్లో భద్రపరచిన ఆయన ఉత్తరాల దస్తూరితో పోల్చి చూడటానికి తగినన్ని అక్షరాలు దొరుకుతాయి. పైగా ఆ మిత్రుడెవరో తెలిస్తే ధర ఒక్కసారిగా మారిపోతుంది. హాగర్డ్ తన ‘షీ’ నవలను రచయిత, విమర్శకుడు ఆండ్రూ లాంగ్‌కు అంకితమిచ్చారు. కిప్లింగ్ హాగర్డ్‌కు ఆప్తమిత్రుడు. అలాంటివారికి స్వయంగా రాసిచ్చిన ప్రతికీ, ముక్కూమొహం తెలియనివారికి ఇచ్చినదానికీ పోలికే లేదు. కాబట్టి ఆ పేరు చెరిపించే ఆలోచన ఎవరు చెప్పినా వినకండి.

తేదీని కూడా నిలదీయాలి. హాగర్డ్ 1925 వరకు జీవించారు కనుక, పుస్తకం వచ్చిన ఎన్నో ఏళ్లకు సంతకం చేసి ఉంటే అందులో అనుమానించవలసింది లేదు. అయితే వెలువడిన రోజుల్లోనే ఇచ్చిన ప్రతికి గిరాకీ ఎక్కువ. ‘ట్రెజర్ ఐలండ్’ రాసిన స్టీవెన్సన్ విషయం వేరు. ఆ నవల 1883 నవంబరులో వెలువడేనాటికి ఆయన దక్షిణ ఫ్రాన్స్‌లోని ఇయేర్‌లో కాపురమున్నారు, 1894లో సమోవాలో మరణించారు. ఆ నవంబరు తేదీతో లండన్‌లో కూర్చుని రాసిచ్చినట్టున్న ప్రతి ఎదురైతే, డబ్బు జేబులోనే ఉంచుకోండి.

సంతకం ఉన్న కాగితాన్ని భూతద్దంతో చూడండి. నిబ్బు కలం ఒత్తిడికి కాగితం మీద సన్నని గాడి పడుతుంది, గీత కిందికి దిగేచోట సిరా చిక్కనవుతుంది. అచ్చువేసిన సంతకంలో ఇవేవీ కనిపించవు. ఉత్తరం నుంచి కత్తిరించి అతికించిన సంతకమైతే, అది అసలుదే అయినా పుస్తకం మీద చేసిన సంతకంతో సమానం కాదు.

ప్రశ్న: నా దగ్గరున్న 1883 నాటి ‘ట్రెజర్ ఐలండ్’ అట్ట ఊడిపోతోంది. తోలు బైండింగు చేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: చేయించకండి. ప్రచురణకర్త వేసిన అసలు గుడ్డ అట్ట పోతే విలువలో పెద్ద భాగం దానితోపాటే పోతుంది. చివరనున్న కాసెల్ ప్రకటనల పుటలను అనవసరమనుకుని బైండరు తీసి పారేస్తే, ముద్రణ కాలాన్ని నిర్ధారించే ఆధారం కూడా మిగలదు. ప్రస్తుతానికి ఆమ్లం లేని కాగితంలో చుట్టి, సరిపడే అట్టపెట్టెలో ఉంచండి. పాత పుస్తకాల మరమ్మతు తెలిసినవారు దొరికితే ఊడిన అట్టను మాత్రమే నిలబెట్టమనండి, అంచులు కత్తిరించవద్దని ముందే చెప్పండి.