తమ్ముడి మీద అసూయ పోవట్లేదన్న ప్రశ్నకు సమాధానం

తమ్ముడికి ప్రమోషన్ వచ్చిందని విన్నప్పటి నుంచి కడుపు మండుతోందని, ప్రార్థన చేసినా పోవట్లేదని రాశారు. బైబిల్లో లూకా సువార్త 15వ అధ్యాయం తీయండి. యేసు చెప్పిన ఆ కథలో, ఆస్తి తగలేసి ఇంటికి తిరిగొచ్చిన చిన్నకొడుకుని, అంటే తప్పిపోయిన కుమారుణ్ని కాసేపు వదిలేసి, పెద్దకొడుకు దగ్గర ఆగండి. పొలం నుంచి వస్తూ, తమ్ముడు తిరిగొచ్చినందుకు తండ్రి చేస్తున్న విందులో పాటల సందడి విని, గుమ్మం బయటే నిలబడిపోయాడు పాపం. ఆ ఇల్లు మీ మనసే అనుకుని చదవండి. మూడో శతాబ్దంలోనే ఓరిగెన్ అనే క్రైస్తవ పండితుడు లేఖనంలోని మనుషుల్ని ఆత్మ లోపలి సంగతులుగా చదివేవాడు. నాకు ఒక మేకపిల్లనైనా ఇవ్వలేదని లెక్కలు చూసుకుంటున్నది మీలోని ఒక భాగం. దాన్ని తిట్టకండి. తండ్రి కూడా తిట్టలేదు, తనే బయటికొచ్చి బతిమాలాడు. కొడుకు లోపలికి వెళ్లాడో లేదో యేసు చెప్పలేదు, నాకు చాలా ఇష్టమైన మౌనం అది. ఈ రాత్రి కళ్లు మూసుకుని, తండ్రి ఆ పెద్దకొడుకుతో అన్న "నావన్నియు నీవి" అనే మాటను ఊపిరితో పాటు నెమ్మదిగా తలుచుకోండి. రేపు మంట మళ్లీ రేగితే టెన్షన్ పడకుండా ఆ గుమ్మం దగ్గరికే తిరిగి రండి.