బానిసత్వం రద్దు గురించి సండే స్కూల్ పిల్లలకు ఎలా చెప్పాలి?

హైదరాబాద్ సండే స్కూళ్లలో నిర్గమకాండం పిల్లలకు తెలిసిందే, అక్కడే మొదలుపెట్టండి. ఐగుప్తులో బానిసలైన ఇశ్రాయేలీయుల్ని, గడ్డి ఇవ్వకుండానే అన్నే ఇటుకలు చేయమన్నాడు అక్కడి రాజు ఫరో. వాళ్ల మొర దేవుడు విన్నాడు.

బానిస వ్యాపారం రద్దుకు బ్రిటన్ పార్లమెంటులో పోరాడిన విల్బర్‌ఫోర్స్ ఒక్కడితో సరిపెట్టకండి. బానిసగా బతికి, 1766లో డబ్బు కట్టి విడుదలై, బానిస వ్యాపారంపై పోరాడిన క్రైస్తవుడు ఈక్వియానో గురించీ చెప్పండి. బ్రిటన్ ఆ వ్యాపారాన్ని 1807లో నిషేధించింది. బానిసత్వం రద్దు చట్టం 1833లో వచ్చింది.

యజమానుల్లోనూ క్రైస్తవులున్నారు, దాచొద్దు. 1807లోనే లండన్‌లో బానిసల కోసం అచ్చేసిన ఒక బైబిల్లో నిర్గమకాండం చాలావరకు తీసేశారు! ఎందుకు తీసేశారో పెద్ద పిల్లల్నే చెప్పమనండి. చిన్నవాళ్లకు కొరడాదెబ్బల వర్ణన అక్కర్లేదు.

మన తెలంగాణ వెట్టిచాకిరీనీ తప్పక చెప్పండి. దేశమంతటా దాన్ని రద్దుచేసిన చట్టం వచ్చింది 1976లోనే.