బాంబు నువ్వే పెట్టావు

చిరంజీవి కిరణ్‌కు,

వందనాలు. నీ కథ అందింది. ఏకబిగిన చదివి, కోపమొచ్చి పక్కన పడేశాను. మర్నాడు మళ్లీ తీసింది ఆ కానిస్టేబుల్ కోసం. లోపల అరుపులు మొదలవగానే లేచి టీవీ సౌండ్ పెంచి, వచ్చి తన క్యారేజీ మూత పెట్టుకుంటాడే, వాడు. వాణ్ని నువ్వు ఎక్కడో చూసే ఉంటావు. మెచ్చుకోలు ఇంతే, ఇక తిట్లు.

నాకు ఒళ్లు మండించింది మీ సీఐ దానియేలు. మోకాళ్లూని ప్రార్థన చేసి, కళ్లు తుడుచుకుని, లాఠీ అందుకుంటాడు. గంటలో బస్టాండులో బాంబు పేలబోతోంది. పట్టుబడ్డ కుర్రాడికి అదెక్కడుందో తెలుసు. కొడితే చెప్తాడు. చెప్పింది నిజమే అవుతుంది. మూడొందల మంది బతుకుతారు. ఆపైన బైబిల్లో పౌలు రాసిన రోమా పత్రిక, పదమూడో అధ్యాయం: అధికారి ఊరకే ఖడ్గం ధరించడు.

ఆ కుర్రాడికి తెలుసని దానియేలుకి ఎవరు చెప్పారయ్యా? నువ్వు చెప్పావు. దెబ్బకి నిజమే బయటికొస్తుందనీ, టైము సరిపోతుందనీ కూడా నువ్వే చెప్పావు. లోకంలో ఏ సీఐకీ అంత తెలియదు. రచయితకు మాత్రమే తెలిసే సంగతులు పాత్ర చెవిలో ఊది, 'పాపం, ఆయనకు వేరే దారి లేదు' అని పాఠకుడి చేత అనిపించడం నా దృష్టిలో మోసం. బాంబు పెట్టింది నువ్వు, దెబ్బలు తిన్నది ఆ కుర్రాడు.

ఈ బాంబు కథ నీ సొంతం కూడా కాదులే. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అమెరికాలో ప్రొఫెసర్లు, పాస్టర్లు దీన్నే పట్టుకుని వాదించుకున్నారు. 2009లో ప్యూ అనే అమెరికా పరిశోధన సంస్థ సర్వే చేస్తే, అనుమానిత ఉగ్రవాదుల్ని హింసించడం కొన్నిసార్లయినా సబబేనన్నవాళ్లు తెల్లజాతి ఎవాంజెలికల్స్‌లో, అంటే సువార్త పట్టుదల ఎక్కువున్న ప్రొటెస్టెంట్లలో, పదికి ఆరుగురి పైనే తేలారు. చర్చి గడప తొక్కనివాళ్లలో అంతమంది లేరు.

మన దగ్గర నిజంగా బాంబు పేలిన కేసు చూడు. 2007 మే 18, హైదరాబాద్ మక్కా మసీదు, శుక్రవారం నమాజు వేళ. ఆ తర్వాత ముస్లిం కుర్రాళ్లను పదుల సంఖ్యలో పట్టుకెళ్లారు. కొట్టారనీ, కరెంటు షాకులిచ్చారనీ వాళ్లు చెప్పారు. రాష్ట్ర మైనారిటీ కమిషన్ తరఫున ఒక న్యాయవాది వాళ్లను జైల్లో కలిసి, హింస జరిగిందనే నివేదిక ఇచ్చాడు. కోర్టుల్లో వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు, చివరికి ప్రభుత్వమే పరిహారం ప్రకటించింది. వాళ్లను పట్టుకెళ్లినవాళ్లకి కూడా నీ దానియేలుకున్నంత నమ్మకం ఉండే ఉంటుంది.

సరే, వాక్యం దగ్గరికొద్దాం. నేను గుడికెళ్లడం తగ్గించాను గానీ బైబిలు చదవడం మానలేదు. రోమా పదమూడు చూపించావు కదా, అపొస్తలుల కార్యములు 22 చూశావా? యెరూషలేములో జనం పౌలు మీద ఎందుకు కేకలేస్తున్నారో రోమా సైన్యాధికారికి అంతుపట్టదు. కొరడాలతో కొట్టి విచారించండి అంటాడు. సమాచారం కోసం కొట్టడమన్నమాట, అచ్చంగా నీ కథే. వార్లతో కట్టేస్తుంటే పౌలు శతాధిపతిని అడుగుతాడు: శిక్ష పడకుండానే రోమా పౌరుణ్ని కొట్టే అధికారం మీకుందా? ఆ ఖడ్గం వాక్యం రాసిన మనిషే అక్కడ కొరడా కింద ఉన్నాడు. నువ్వు ఆయన వాక్యం తీసుకెళ్లి కొరడా పట్టుకున్నవాడి చేతిలో పెట్టావు.

యోహాను 11 కూడా తియ్యి. జనమంతా నశించకుండా ఒక్క మనిషి చావడం మేలని యేసు గురించి అంటాడు ప్రధాన యాజకుడు కయప. నీ దానియేలు ఆఖరి పేజీలో చెప్పే డైలాగు, ఆ మూడొందల లెక్కతో సహా, కయపదే. తెలిసి పెట్టి ఉంటే నీకు దణ్ణం పెట్టేవాణ్ని.

తొలినాళ్ల క్రైస్తవ వేదాంతి అగస్టీనుతో నాకు పాత తగువుంది. 'దేవుని పట్టణం' పందొమ్మిదో పుస్తకంలో, నిజం రాబట్టడానికి హింసించే న్యాయమూర్తి గురించి రాస్తాడు. నిరపరాధి బాధ తట్టుకోలేక చెయ్యని నేరం ఒప్పుకుంటాడనీ, నిజమేదో తెలియకుండానే న్యాయమూర్తి అతన్ని చంపిస్తాడనీ అంత స్పష్టంగా చూసిన మనిషి, చివరికి ఏమంటాడో తెలుసా? ఆ పీఠం మీద కూర్చోక తప్పదు, కూర్చుని 'ఇక్కట్టులోనుండి నన్ను విడిపింపుము' అని దేవుడికి మొరపెట్టుకోమంటాడు. మొరపెట్టుకున్నాక పీఠం దిగొచ్చుగా! నువ్వు అగస్టీనుని చదివావో లేదో గానీ దానియేలు కన్నీళ్లు అక్కణ్నుంచి కారినవే.

పైగా క్రైస్తవ సంఘానికి తెలియక జరిగిందీ కాదు. 866లో పోప్ మొదటి నికొలస్ బల్గేరియా పాలకుడు బోరిస్‌కి రాసిన జవాబుల్లో, కొట్టి నేరం ఒప్పించడానికి దేవుని చట్టమూ ఒప్పదు, మనుషుల చట్టమూ ఒప్పదన్నాడు. 1252లో మరో పోప్, నాలుగో ఇన్నోసెంట్, మతద్రోహుల విచారణలో అదే హింసకు అనుమతిచ్చాడు. అవయవం పోకూడదు, ప్రాణం పోకూడదు అని షరతులు పెట్టి మరీ. నీ దానియేలు కూడా 'ఎముకలు జాగ్రత్త' అంటాడు, గుర్తుందా? ఏ ఉద్దేశంతో చేసినా తప్పే అయిన పనుల్లో హింసను పోప్ రెండో జాన్ పాల్ 1993లో చేర్చాడు. పదకొండొందల ఏళ్ల కిందటి మాటకి తిరిగి రావడానికి అంత కాలం పట్టింది.

నువ్వు తెలుసుకోవాల్సినవాడు ఫ్రీడ్రిష్ స్పే. జర్మనీలో జెసూట్ అనే కాథలిక్ సభకు చెందిన గురువు. మంత్రగత్తెలని ముద్రపడి శిక్షపడ్డ ఆడవాళ్ల ఆఖరి పాపసంకీర్తనం విన్నవాడు. 1631లో పేరు లేకుండా పుస్తకం వేశాడు. మనమందరం మంత్రగాళ్లం కాకపోవడానికి కారణం మనల్నింకా ఆ హింసించే బల్ల ఎక్కించకపోవడమే, అన్నది అందులో సారం. దెబ్బలకి ఒక్కో ఆడమనిషి ఇంకో నలుగురి పేర్లు చెబుతుంది, ఆ నలుగురూ మరో నలుగురివి. వయసులో ఉండగానే జుట్టెందుకు తెల్లబడిందని అడిగితే, చితి దాకా తోడెళ్లిన ఆ ఆడవాళ్ల వల్లేనన్నాడని తత్వవేత్త లైబ్నిజ్ చెప్పాడు. స్పే కూడా ప్రార్థన చేసిన మనిషే. కాకపోతే ఆయన కూర్చుంది కట్టేసినవాళ్ల పక్కన.

నేనూ ఒకప్పుడు లాకప్ కథ రాశాను. మా సంఘం కుర్రాడొకణ్ని, పనిచేసే షాపులో డబ్బు పోయిందని తీసుకెళ్లి తొడల మీద రోకలి దొర్లించారు. ఆ డబ్బు తర్వాత ఓనరు బావమరిది దగ్గర తేలింది. ఆదివారం ప్రభు సంస్కారానికి వచ్చి, మోకరించలేక, నిలబడే తీసుకున్నాడు. ఎందుకని పాస్టరుగారు అడగలేదు. గుడ్ ఫ్రైడేకి మాత్రం యేసుని కొట్టిన కొరడా చివర ఎముక ముక్కలుంటాయని అరగంట వర్ణించి సంఘమంతటినీ ఏడిపించారు. ఆ కథ చూసి ఒక వారపత్రిక ఎడిటర్, కుర్రాడు నిజంగానే దొంగతనం చేసినట్టు మారిస్తే వేసుకుంటానన్నాడు. ఒక క్రైస్తవ మాసపత్రికాయన 'మనకి రాజకీయాలెందుకు బ్రదర్' అని తిప్పి పంపాడు. ఇప్పటి ఎడిటర్లు అది కూడా చెప్పరు, 'పాజిటివ్ ఎండింగ్' అంటారు. సినిమాల్లో హీరో పోలీసు లాకప్‌లో ఉతుకుతుంటే హాల్లో విజిల్స్. ఆ విజిల్స్ నీ కథలోనూ వినిపించాయి, అదే నా బాధ.

యాస గురించి, పుస్తకం ఎవరేస్తారన్న దాని గురించి అడిగావు. తర్వాత చూద్దాం.

కథ మళ్లీ రాయి. ఆ కుర్రాడికి ఏమీ తెలియదు. మూడో రోజు, దెబ్బ ఆగితే చాలని, నోటికొచ్చిన పేరు చెబుతాడు. చిన్నప్పుడు పక్క బెంచీలో కూర్చున్నవాడి పేరు. జీపు బయల్దేరుతుంది. డ్రైవరు పక్కన నీ కానిస్టేబులే ఉంటాడు. ఆ ఇంటిముందు దిగాక వాడేం చేస్తాడో నాకు తెలియాలి. కథల పోటీ గడువు ఈ నెలాఖరన్నావు. వదిలెయ్, వచ్చే ఏడూ పోటీ పెడతారు.