కొలిమి గొట్టం గురించి పెద్దమ్మ ఉత్తరం

తల్లీ,

ఉత్తేజిత కర్బనం, అంటే సన్నటి రంధ్రాలు నిండిన బొగ్గు మీద పరిశోధనకు నిన్ను తీసుకున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పగానే పొంగిపోయాను. పొటాషియం హైడ్రాక్సైడ్‌తో పని మొదలుపెడుతున్నావని కూడా అంది. ఆ ముక్క విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

కళ్లద్దాలు, చేతి తొడుగులు, ఏ రోజుది ఆ రోజు నోట్‌బుక్‌లో రాసుకోవడం నీకు తెలిసినవే. వైశాల్యం కొలిచేటప్పుడు వాడే ద్రవ నత్రజని సంగతి మాత్రం విను. ఒక్క లీటరు ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది. తలుపులు మూసిన చిన్న గదిలో దాన్ని ఒంపకు. గాలిలో ఆక్సిజన్ తగ్గుతుంటే ఉక్కిరిబిక్కిరి అనిపించదు, మనిషి నిలుచున్నచోటే కూలిపోతాడు.

ఇక అసలు భయం. హైడ్రాక్సైడ్, బొగ్గుపొడి కలిపి కొలిమి గొట్టంలో పెట్టి, నత్రజని ప్రవాహంలో 700 డిగ్రీల సెల్సియస్ దాటించావంటే పొటాషియం లోహం పుడుతుంది. అది కర్బనం పొరల మధ్యకు దూరి వాటిని విడదీస్తుంది. నీకు కావలసిన సూక్ష్మరంధ్రాలు ఏర్పడటంలో దాని పాత్ర తక్కువేమీ కాదు. అయితే అది సుమారు 760 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆ ఆవిరి నత్రజనితో పాటు సాగిపోయి, గొట్టం చల్లగా ఉన్న కొసలో పూతలా పేరుకుంటుంది. నీళ్లు తగిలితే భగ్గుమనే లోహమది.

మా ల్యాబులో నాకు సీనియర్ ఒకాయన ఉండేవాడు, చాలా పనిమంతుడు. 600 డిగ్రీల్లో చేసిన ప్రయోగాల తర్వాత గొట్టాన్ని కుళాయి కింద కడిగేయడం ఆయనకు అలవాటు. ఒకసారి ఉష్ణోగ్రతను 850కి పెంచాడు. కడిగే పద్ధతి మాత్రం మార్చలేదు. గొట్టం చల్లబడింది, విప్పాడు. కొసన ఉన్న బూడిదరంగు పూతను మసి అనుకుని నీళ్లు వదిలాడు. చిటపటమని శబ్దం, ఊదారంగు మంట, సింకు నిండా గాజుముక్కలు. కనుబొమలు కాలిపోయాయి, కళ్లద్దాలుండబట్టి కళ్లు దక్కాయి. ‘ఎన్నోసార్లు ఇలాగే కడిగానే!’ అని చాలాసేపు అదే మాట అన్నాడు పాపం. ఆ గొంతు నాకింకా వినిపిస్తూనే ఉంటుంది. అన్నిసార్లూ ఏమీ కాలేదన్న ధైర్యమే ఆయన కొంప ముంచింది. నువ్వు మీ అమ్మకు ఒక్కగానొక్క కూతురివి, గుర్తుంచుకో.

పూర్తిగా చల్లబడేదాకా నత్రజని ఆపకు. మీ గైడు పక్కన ఉండగా, ఆ ప్రవాహంలోనే, టెర్ట్-బ్యూటనాల్ లాంటి నెమ్మదిగా చర్య జరిపే ఆల్కహాల్‌తో మిగిలిన లోహాన్ని చంపిన తర్వాతే నీళ్ల జోలికి వెళ్లు. కర్బనం పొడిలోనూ లోహం దాగి ఉండొచ్చు కనుక దాని విషయంలోనూ అంతే. ఆ పైన ఆమ్లం, ఆ పైన కడిగిన నీరు తటస్థమయ్యేదాకా నీళ్లు. విసుగొస్తుంది, రానీ.

కర్బనం ఉపరితల వైశాల్యం కొలిచేటప్పుడు నమూనాను డీగ్యాస్ చేశాక, అంటే అందులోని తేమనూ వాయువులనూ తొలగించాక, మళ్లీ తూచు. ఆరకముందు బరువును లెక్కలో వేస్తే, కర్బనం పీల్చుకున్న తేమ కూడా కర్బనంగానే చెల్లుబాటవుతుంది. పీల్చుకున్న వాయువును బట్టి వైశాల్యం లెక్కగట్టడానికి బ్రునౌర్, ఎమెట్, టెల్లర్‌లు 1938లో ఇచ్చిన సమీకరణాన్ని సూక్ష్మరంధ్రాల కర్బనానికి వాడేటప్పుడు మామూలుగా వాడే 0.05 నుంచి 0.30 సాపేక్ష పీడనాన్ని (వాయు పీడనాన్ని దాని సంతృప్త పీడనంతో భాగిస్తే వచ్చే అంకె) కళ్లు మూసుకుని తీసుకోకు. సరళరేఖ ఇంకా తక్కువ పీడనాల దగ్గర ఉంటుంది. ఆ సమీకరణంలోని సి స్థిరాంకం రుణసంఖ్య వచ్చిందంటే నువ్వు ఎంచుకున్న పరిధి తప్పు. ఒంటి గ్రాఫీన్ పొరకు, అంటే ఒకే ఒక్క అణువు మందమున్న కర్బనం పొరకు, రెండు వైపులా కలిపినా గ్రాముకు సుమారు 2,630 చదరపు మీటర్లే. నీ కర్బనం 3,500 చూపిస్తే ఎగిరి గంతేయకు. రంధ్రాల్లో నిండిన వాయువును కూడా ఆ సమీకరణం ఒంటి పొర కింద లెక్కగట్టిందేమో చూడు. పేపర్లలో ఈ అంకెల పోటీ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, అది వేరే విషయం.

నీ మొదటి ఐసోథర్మ్, అంటే ఏ పీడనం దగ్గర కర్బనం ఎంత వాయువు పట్టుకుందో చూపే గ్రాఫు, రాగానే పంపు. వైశాల్యం అంకె ఒక్కటే కాదు, వాయువును తిరిగి వదిలేటప్పటి డీసార్ప్షన్ రేఖతో సహా మొత్తం గ్రాఫు కావాలి. దానికంటే ముందు, మీ ల్యాబులో కొలిమి గొట్టాన్ని ఎవరు, ఎలా శుభ్రం చేస్తారో కనుక్కుని ఈ వారంలోనే నాకు రాయి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ