అక్క కోవిడ్ డ్యూటీ చేసి నర్సు ఉద్యోగం మానేసింది, చెల్లిని నర్సింగ్‌కు పంపాలా?

ప్రశ్న: మా పెద్దమ్మాయి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేసేది. 2021 సెకండ్ వేవ్‌లో కోవిడ్ ఐసీయూ డ్యూటీ వేశారు. తర్వాతి ఏడాది ఉద్యోగం మానేసింది. మళ్లీ ఆస్పత్రిలో అడుగుపెట్టనంటోంది. ఇప్పుడు ఇంటర్ బైపీసీ అయిన చిన్నమ్మాయి బీఎస్సీ నర్సింగే చదువుతానంటోంది. అక్కలాగే తనూ తట్టుకోలేకపోతే ఎలా అని మా భయం. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, సూర్యాపేట జిల్లా

జవాబు: సార్, మీ పెద్దమ్మాయి తట్టుకోలేక మానేసిందని నేను అనుకోవడం లేదు. ఆ రోజుల్లో ఐసీయూ నర్సు పని ఎలా ఉండేదో చూడండి. పీపీఈ కిట్ వేసుకుంటే షిఫ్ట్ అయ్యేదాకా మంచినీళ్లు లేవు, బాత్రూమ్ లేదు. ఏప్రిల్, మే ఎండల్లో ఆ కిట్ లోపల ఒళ్లంతా చెమటతో తడిసిపోయేది. నెలసరి రోజుల్లోనూ అదే కిట్, అవే గంటలు. వెంటిలేటర్ మీదున్న పేషెంటుకు ఒక నర్సు ఉండాలి. అప్పుడు ఒక్కరే ఎందరినో చూడాల్సి వచ్చింది. ఇంటివాళ్లను లోపలికి రానివ్వలేదు కాబట్టి పోయేవాళ్ల చెయ్యి పట్టుకున్నదీ, వాళ్లవాళ్లకు వీడియో కాల్ కలిపిందీ చాలాచోట్ల నర్సులే. ఇంటికొస్తే ఇరుగుపొరుగు దూరం జరిగేవారు. 2020 మార్చిలో వరంగల్‌లో డాక్టర్లనే ఇళ్లు ఖాళీ చేయమన్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ను ఐసీడీ-11 అనే తన జబ్బుల జాబితాలో చేర్చింది. జబ్బుగా కాదు, ఉద్యోగం వల్ల వచ్చే పరిస్థితిగా. పనిచోట ఒత్తిడి ఏళ్లూపూళ్లూ సాగుతున్నా దాన్ని సరిచేయనప్పుడు మనిషిలో సత్తువ పోతుంది, పని మీద విరక్తి పుడుతుంది, ఏం చేసినా సరిగా చేయడం లేదనిపిస్తుంది.

సరిచేయాల్సింది ఎవరో గాంధీ ఆస్పత్రి జూనియర్ డాక్టర్లు 2020 జూన్‌లోనే చెప్పారు. ఒక డాక్టర్‌పై మృతుడి బంధువులు దాడి చేశాక రోడ్డు మీద కూర్చున్న ఆ పిల్లలు భద్రతతో పాటు, కోవిడ్ వైద్యాన్ని ఇతర ఆస్పత్రులకూ పంచమని అడిగారు. 2021లో ఇంకో దెబ్బ. ఎంబీబీఎస్ అయినవాళ్లు పీజీ సీటు కోసం రాసే నీట్-పీజీ పరీక్ష ఏప్రిల్‌లో జరగాల్సింది సెప్టెంబరుకు వెళ్లింది, కౌన్సెలింగ్ 2022 జనవరిలో గానీ మొదలవలేదు. ఫస్టియర్ పీజీలు రాకపోవడంతో మూడు బ్యాచ్‌ల పని రెండు బ్యాచ్‌లు మోశాయి. ఇంత భారం మోసిన పిల్లలకు యోగా క్లాసు పెట్టి సరిపెట్టడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. మనుషులను పెంచాలి, సెలవులివ్వాలి.

అందుకే చిన్నమ్మాయి ధైర్యవంతురాలా కాదా అన్న చర్చ ఇంట్లో ఆపేయండి. తను ఎక్కడ చదువుతుంది, ఎక్కడ పనిచేస్తుంది అన్నదే చూడండి. కాలేజీకి సొంత ఆస్పత్రి, అందులో నిజంగా పేషెంట్లు ఉండాలి. పొద్దున షిఫ్ట్ మారే వేళకు మీరిద్దరూ ఆ గేటు దగ్గర నిలబడి, నైట్ డ్యూటీ దిగి వస్తున్న సిస్టర్లను అడగండి: రాత్రి ఎంతమంది పేషెంట్లు? వరసగా ఎన్ని నైట్లు? తర్వాత ఆఫ్ ఇస్తారా? ప్రాస్పెక్టస్‌లో ఈ సమాధానాలు దొరకవు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామనే ఆస్పత్రి అయితే వద్దనండి. సర్వీసు నచ్చకపోయినా కదలనివ్వరు. ఐసీయూ ఒక్కటే దారి కాదని కూడా చెప్పండి. డయాలసిస్, ఆపరేషన్ థియేటర్, పల్లెల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్, ఎయిమ్స్‌ల కోసం నార్‌సెట్ పరీక్ష, ఎమ్మెస్సీ చేసి బోధన, ఇవన్నీ బీఎస్సీ తర్వాత ఉన్నవే.

వెళ్లేముందు అక్కాచెల్లెళ్లను ఒకసారి మాట్లాడుకోనివ్వండి, మీరు మధ్యలో కూర్చోకుండా. వార్డు గురించి చిన్నమ్మాయికి అక్క చెప్పగలిగినట్టు నేను చెప్పలేను.

ఇక పెద్దమ్మాయి. నిద్ర పట్టకపోవడం, ఆ రోజులు పదే పదే కళ్లముందుకు రావడం, ఎవరితోనూ కలవకపోవడం ఉంటే అది బర్నవుట్‌ను దాటినట్టే, సైకియాట్రిస్ట్‌కు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఉద్యోగం కోసం తొందరపెట్టకండి. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ మాత్రం రెన్యువల్ చేయించి ఉంచండి. తనంతట తను అడిగిన రోజున నర్సింగ్ కాలేజీ ట్యూటర్, ఇన్ఫెక్షన్ కంట్రోల్, మెడికల్ కోడింగ్ లాంటి పనుల గురించి నాకు రాయమనండి.